లక్ష నలుసులు

కర్రీ పాయింట్ నడిపే మనిషిని రోజంతా తిండి మానెయ్యమనడం ఎంత అన్యాయమో ఆ డాక్టర్లకేం తెలుస్తుందండీ! పొద్దున్నే లేచి వంకాయ కూర, గోంగూర పప్పు, పనసపొట్టు, ముక్కల పులుసు అన్నీ నా చేత్తోనే వండాలి. ఒక్కటీ నోట్లో వేసుకోకూడదు. ఉప్పు సరిపోయిందో లేదో కూడా చూడకూడదట.

"మరి రుచెవరు చూస్తారమ్మా?" అని మా కోడలు ప్రణవిని అడిగాను.

"ఇవాళ్టికి మీ అబ్బాయి చూస్తారు అత్తయ్యా" అంది.

మా సుధీర్ నాలుక సంగతి నాకు తెలీదా? వాడికి ఉప్పున్న పప్పూ ఒకటే, ఉప్పులేని పప్పూ ఒకటే. ఆ రోజు కాకినాడలో మా వీధి వీధంతా చప్పటి పులుసు తిన్నారు పాపం. ఒకావిడ గిన్నె పట్టుకుని వెనక్కొచ్చింది కూడా. "హైమావతి గారూ, ఒంట్లో బాలేదా?" అని అడిగింది. "ఒళ్ళు బానే ఉందండీ, రేపు పేగు పరీక్ష" అన్నాను. ఆవిడ మొహం అదోలా పెట్టుకుని వెళ్ళిపోయింది. జనానికి గుండె పరీక్షంటే గౌరవం, పేగు పరీక్షంటే వెకిలి.

ఆ వెకిలికి భయపడే మా అక్క రాజ్యం పోయింది. "ఛీ, వెనకనుంచి గొట్టం పెట్టించుకుంటానా" అంది. రక్తం పడుతుంటే మొలలనుకుని నాటుమందు మింగింది. తీరా ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి పెద్దపేగులో కేన్సరు ముదిరిపోయింది. ఇది మీ రక్తంలోనే ఉన్న జబ్బు, తోబుట్టువులు చూపించుకోవాలి అన్నారు. అక్క కర్మకాండలవగానే నేను వెళ్ళి ఆ బల్లమీద పడుకున్నాను. అప్పట్నుంచీ ఏటా చేయించుకుంటున్నాను. సిగ్గు ముఖ్యమా, ప్రాణం ముఖ్యమా చెప్పండి.

కిందటేడు పరీక్షలో పేగు నిండా బుడిపెలు కనిపించాయి. ఒకటీ అరా అయితే ఆ గొట్టంతోనే తుంచేస్తారు. నావి ఎండాకాలం వీపుమీద చెమటకాయలు పేలినట్టు పేలాయి. ఎన్నని తుంచుతారు? డాక్టర్ జోగారావు గారు నన్ను కూర్చోబెట్టి, "ఇందులో ఏదో ఒకటి కేన్సరు కాక మానదండీ. పెద్దపేగు మొత్తం తీసేద్దాం" అన్నారు. మొత్తం తీసేశాక బతుకు ఎలా ఉంటుందో కూడా దాచకుండా చెప్పారు. సగం రోజు దొడ్లోనే గడుస్తుందట. ఇంక కర్రీ పాయింట్ ఎవరు నడుపుతారు?

అప్పుడు ప్రణవి అంది: "ఒక్క ఏడాది ఆగండి అత్తయ్యా. నా నలుసులున్నాయి."

ప్రణవి ఆ ఆస్పత్రి పక్కనే ఉన్న ల్యాబ్‌లో పెద్ద సైంటిస్టు. ఏదో చేస్తోందని తెలుసుగానీ ఏం చేస్తోందో ఆ రోజే చూశాను. నా పేగులోంచి తీసిన చిన్న ముక్కని గాజుపలక మీద పెట్టింది. దానిమీద ఒక బుడిపె ఉంది. చుక్క నీళ్ళలాంటిదేదో దానిమీద వేసి, నన్ను భూతద్దంలో చూడమంది. కంటికి ఆనని రేణువులు వందలకి వందలు కదులుతున్నాయి. అన్నీ పాక్కుంటూ వెళ్ళి ఆ బుడిపె మొదలు చుట్టూ మూగి బిగుసుకున్నాయి. మేం టీ తాగి వచ్చేసరికి బుడిపె పాలిపోయి రాలిపోయింది. పక్కనున్న మంచి పొర మీద గీతైనా పడలేదు.

"వీటికి కళ్ళు లేవత్తయ్యా. రుచి ఒక్కటే తెలుసు. బుడిపె మీదుండే జిగురు రుచి నేర్పాను. ఆ జిగురు ఎక్కడ తగిలితే అక్కడికి పోతాయి. పని అయ్యాక వాటంతటవే చచ్చి బయటికొచ్చేస్తాయి."

"రుచి చూసి బతికేవైతే నా బంధువులే" అన్నాను.

ఇంతవరకూ బానే ఉంది. అసలు సంగతి తర్వాత తెలిసింది. ఆ నలుసుల్ని మనిషి రక్తంలోంచే పెంచాలిట. నా రక్తసంబంధీకులు పనికిరారు, నా జబ్బు వాళ్ళలోనూ దాగి ఉండొచ్చు. అంటే నా కొడుకూ పనికిరాడు. పోనీ బయటివాళ్ళదంటే అది నా ఒంటికి పడాలి. ల్యాబ్‌లో అందరి రక్తమూ చూశారు. చివరికి నాకు అతికినట్టు సరిపోయింది మా కోడలిదే! చూశారా చోద్యం. కన్నకొడుకుది పనికిరాలేదు, పరాయింటి నుంచి వచ్చిన పిల్లది పనికొచ్చింది.

ఏడాది పొడుగునా వారానికో సూది. రక్తం పుట్టేది అక్కడేనని ప్రణవి తుంటి ఎముకలోంచి తీస్తారు. ఆ రోజుల్లో కడుపు రాకూడదు, వస్తే పెంచిందంతా పాడవుతుంది, పిల్లకీ ప్రమాదం. వాళ్ళిద్దరూ అప్పటికే బిడ్డ కోసం డాక్టరమ్మ చుట్టూ తిరుగుతున్నారు. ప్రణవికి ముప్పై ఏడు దాటాయి. "ఇంకా ఆలస్యం చేస్తే నా చేతుల్లో ఉండదు" అని డాక్టరమ్మ చెప్పేసిందట. ఈ ముక్క నాకు ప్రణవి చెప్పలేదు. సూదులు సగం అయ్యాక సుధీర్ నోరు జారాడు. నేను ఇల్లు పీకి పందిరేశాను. "ఇప్పుడాపితే అయిన సూదులన్నీ దండగే అత్తయ్యా" అని ఒక్క మాటతో నా నోరు మూయించింది. తుంటి నొప్పితో కుంటుకుంటూ ల్యాబ్‌కి పోయేది.

ఇవేవీ తెలీని వీధిలోవాళ్ళు కూర పొట్లాలు కట్టించుకుంటూ అడిగేవారు: "మీ కోడలి కడుపున నలుసేమైనా పడిందాండీ?"

"ఒక్కటేంటండీ, లక్ష నలుసుల్ని పెంచుతోంది మా కోడలు!" అనేదాన్ని. వాళ్ళు నాకు మతి పోయిందనుకునేవాళ్ళు. అనుకోనీ.

సరే, పరీక్ష ముందురోజుకి వద్దాం. మధ్యాహ్నం ఒక సీసా మందు ఇచ్చారు. పేరుకి నిమ్మకాయ వాసన, తాగితే మన కాకినాడ సముద్రమే. జగ్గులో కలుపుకుని గ్లాసు తర్వాత గ్లాసు తాగాలి. ముక్కు మూసుకుని తాగేశాను. ఇంక ఆ తర్వాత సంగతి మీరే ఊహించుకోండి. సుధీర్ బాత్రూం తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసి, "ఇక్కడే కూర్చోమ్మా, నడిచే పని తప్పుతుంది" అన్నాడు. కొడుకంటే ఇలా ఉండాలి.

సాయంత్రానికి లోపల ఏమీ లేదు, ఖాళీ. కానీ ఒళ్ళంతా సెగలు. కళ్ళు మంటలు, అరికాళ్ళు మంటలు. ఆ మందు బాగా వేడి చేసింది. వేడి చేస్తే ఏం చెయ్యాలో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మంచినీళ్ళు తాగొచ్చు, కొబ్బరినీళ్ళు తాగొచ్చు, నీళ్ళలాంటివి ఏవైనా తాగొచ్చు అన్నారు కదా. సబ్జా నీళ్ళు నీళ్ళు కావేంటి? గుప్పెడు సబ్జా గింజలు నానబోసి, పటికబెల్లం వేసుకుని పెద్ద గ్లాసుడు తాగాను. ప్రాణం లేచొచ్చింది. చలవ చేస్తుంది కదా అని పడుకునే ముందు ఇంకో గ్లాసుడు తాగాను.

పొద్దున్న మిగతా మందు కూడా తాగి ఆస్పత్రికి చేరాక ప్రణవి అడిగింది: "ఏమీ తినలేదుగా అత్తయ్యా?"

"నీమీద ఒట్టు. మెతుకు ముట్టలేదు" అన్నాను. అబద్ధమేం కాదు. సబ్జా తినేదా ఏంటండీ? తాగేదే కదా.

వెనక చీలికున్న గౌను ఇచ్చారు. మత్తు ఇస్తామన్నారు, వద్దన్నాను. మా కోడలి నలుసులు పనిచేస్తుంటే నేను నిద్రపోతానా? ఎడంపక్కకి తిరిగి, మోకాళ్ళు పొట్టకి ఆనించి పడుకున్నాను. ఎదురుగా టీవీ పెట్టారు. గొట్టం లోపలికి వెళ్తుంటే గాలి ఊదుతారు, పొట్ట ఉబ్బుతుంది, మెలిపెడుతుంది. అంతేగానీ జనం చెప్పుకునేంత ఘోరమేం కాదు.

"గాలి ఆపుకోకండి, సిగ్గుపడకండి" అన్నారు జోగారావు గారు.

"సిగ్గు బయట చెప్పులతో పాటు విడిచొచ్చానండీ, మీరు కానివ్వండి" అన్నాను.

టీవీలో గులాబీ రంగు సొరంగం. ఎడంవైపు సగమంతా కిందటేటి బుడిపెలే, అక్కడక్కడా కొత్తవి. ప్రణవి పక్కన నిలబడి వేడినీళ్ళ తొట్టిలో గాజు గొట్టాన్ని తిప్పుతోంది. అందులో నా లక్ష నలుసులు మంచుపెట్టెలోంచి బయటికొచ్చి వెచ్చబడుతున్నాయి. ఒకసారి వెచ్చబడితే అవి గంటన్నరే బతుకుతాయి. మళ్ళీ చల్లబెడితే చచ్చిపోతాయి.

గొట్టం పైదాకా వెళ్ళి కుడివైపుకి తిరిగింది. జోగారావు గారి చెయ్యి ఆగిపోయింది.

"అమ్మో" అన్నారు.

సొరంగం గోడల నిండా గుత్తులు గుత్తులుగా మెరుస్తున్నాయి. ఒక్కొక్కటి గుండ్రంగా, జిగటగా, మధ్యలో నల్లచుక్కతో. ప్రణవి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇద్దరూ ఇంగ్లీషులోకి దిగిపోయారు, నాకు అర్థం కాకూడదని. కేన్సర్ అన్న మాట ఏ భాషలోనైనా తెలుస్తుంది కదండీ. అక్క గుర్తొచ్చింది. కళ్ళు చికిలించి టీవీకేసి ఇంకోసారి చూశాను. నల్లగింజ, చుట్టూ తెల్లటి జిగురు.

"డాక్టరు గారూ, అవి సబ్జా గింజలండీ" అన్నాను.

జోగారావు గారు టీవీ వదిలి నావైపు తిరిగారు.

"ఏంటీ?"

"సబ్జా. మందు వేడి చేసిందని నిన్న తాగాను."

జోగారావు గారు పడీ పడీ నవ్వారు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేనూ నవ్వాను. ప్రణవి నవ్వలేదు. గాజు గొట్టాన్నీ గోడ గడియారాన్నీ మార్చి మార్చి చూస్తోంది. అది చూసి నా నవ్వు ఆగిపోయింది.

జోగారావు గారు ఒక గింజని పీల్చి బయటికి తీశారు. ప్రణవి దాన్ని పలకమీద పెట్టి నలుసుల నీళ్ళు ఒక్క చుక్క వేసింది. భూతద్దం బొమ్మ టీవీలోకి వచ్చింది. బెల్లానికి చీమలు పట్టినట్టు నలుసులన్నీ ఆ గింజని పట్టేశాయి. అంతే, బిగుసుకుపోయి అక్కడే చచ్చిపోయాయి. ఆ జిగురూ ఈ జిగురూ వాటికి ఒక్కటే.

"కడిగేద్దాం" అన్నారు జోగారావు గారు. నీళ్ళు కొట్టడం, పీల్చడం మొదలుపెట్టారు. సబ్జా సంగతి మీకు తెలుసుగా, పట్టిందంటే వదలదు. పీల్చే దారిలో గింజలడ్డుపడ్డాయి. గొట్టం బయటికి తీసి శుభ్రం చేసి మళ్ళీ పెట్టారు. మళ్ళీ అడ్డుపడ్డాయి. ఎడంవైపు శుభ్రంగానే ఉంది. కుడివైపు మాత్రం కడిగినకొద్దీ పైనుంచి ఇంకా దిగుతూనే ఉన్నాయి. గుప్పెడు గింజలు నానితే ఎన్నవుతాయో నాకు తెలీదా?

గంట దాటిపోయింది.

"ఆపేద్దాం సార్" అంది ప్రణవి. గొంతు మామూలుగానే ఉంది. "ఇప్పుడు వదిలితే సగం నలుసులు పాక్కుంటూ పోయి గింజల్ని పట్టుకుంటాయి. బుడిపెలకి చాలవు. ఇవి పారబోస్తాను. మళ్ళీ పెంచుతాను."

మళ్ళీ పెంచుతుందట! దోసెల పిండి అయిపోయింది, మళ్ళీ రుబ్బుతాను అన్నట్టు చెప్పింది. ఇంకో ఏడాది, ఇంకో ఏడాది సూదులు, డాక్టరమ్మ చెప్పిన గడువు గంగలో కలిసినట్టే. నాకు ఒళ్ళు మండిపోయింది. లోపల గొట్టం ఉందని కూడా చూడకుండా మోచేతిమీద లేచాను.

"ఆ గాజు గొట్టం వంచావంటే చూడు! నీ ఏడాదిని నా కళ్ళముందు తూములో పోస్తావా? సగమైతే సగానికే వదులు."

"అత్తయ్యా, పడుకోండి. సగానికి వదిలితే అవి సగంలో ఆగవు. చెప్పాగా."

"ఆగకపోతే అడ్డు కట్టండి! ఇంత చదువుకున్నారు, ఒక గట్టు కట్టలేరూ?"

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. జోగారావు గారు మెల్లిగా, "బెలూన్ ఉంది. మలుపు దగ్గర ఉబ్బించి మూసేస్తే..." అన్నారు.

"నొప్పెడుతుంది" అంది ప్రణవి.

"పుట్టినప్పుడు వీడు పెట్టలేదూ నొప్పి" అన్నాను గుమ్మం బయటున్న సుధీర్‌ని చూపిస్తూ. "కానివ్వండి."

పెట్టింది, బాగానే పెట్టింది. పళ్ళు బిగించి టీవీకేసి చూశాను. మలుపులో బెలూను ఉబ్బి దారి మూసేసింది. ప్రణవి గాజు గొట్టంలోని నలుసుల నీళ్ళు వదిలింది. మొదట ఏమీ కనపడలేదు. ఆ తర్వాత ఒక బుడిపె పాలిపోయింది. దాని పక్కది, దాని వెనకది. ఎర్రగా ఉన్నవన్నీ ఒక్కొక్కటే తెల్లబడి తలలు వాల్చేస్తున్నాయి. నేను నొప్పి మర్చిపోయాను. టీవీ మానేసి మా కోడలి మొహం చూశాను. ఏడాదిపాటు కుంటుతూ తిరిగిన పిల్ల, చిన్నపిల్లలా నోరు తెరుచుకుని చూస్తోంది. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. బల్లమీద అలా ఉండకపోతే దిష్టి తీసేదాన్ని.

వారం తర్వాత మళ్ళీ చూశారు. ఎడంవైపు సగం నున్నగా, ఒక్క బుడిపె లేకుండా ఉంది. ల్యాబ్ అంతా స్వీట్లు పంచారు. కుడివైపు సగం మాత్రం అలాగే ఉంది.

"దీనికి రెండు దార్లు" అన్నారు జోగారావు గారు మమ్మల్ని కూర్చోబెట్టి. "ఆ సగం కోసి తీసెయ్యొచ్చు. పాత ఆపరేషనే, ఎప్పట్నుంచో చేస్తున్నదే. ఎడంవైపు బాగుంది కాబట్టి కొన్నాళ్ళకి మామూలైపోతారు, వ్యాపారం చేసుకోవచ్చు. లేదా జాగ్రత్తగా చూసుకుంటూ ఏడాది ఆగొచ్చు, ఇంకోసారి నలుసులు పెంచేదాకా." ఆయన ప్రణవి వైపు తిరిగారు. "కానీ ప్రతి రోగికీ ఇంకో మనిషి ఏడాది ఖర్చవ్వాలంటే ఎవరిస్తారమ్మా?"

"ఇచ్చేవాళ్ళుంటారు సార్. ఈ రోగికి నేనిస్తాను. సోమవారం నుంచి సూదులు మొదలుపెట్టుకుంటాను" అంది.

ఇంటికొచ్చాక నేను నయాన చెప్పాను, భయాన చెప్పాను. "కోత లేకుండా బాగయ్యే దారి ఉండగా మిమ్మల్ని కోతకి పంపిస్తానా?" అంటుంది. బిడ్డ మాటెత్తితే, "రాసిపెట్టుంటే పుడుతుంది" అంటుంది. సైంటిస్టు అనాల్సిన మాటేనా అది! సుధీర్ వంటింట్లోకి పోయి, తోమిన గిన్నెలే మళ్ళీ తోముతున్నాడు. వాణ్ణి చూస్తే ఏడుపొచ్చింది. మాటలతో అయ్యే పని కాదని అర్థమైపోయింది.

మర్నాడే జోగారావు గారి దగ్గరికెళ్ళి, "సోమవారంలోపు కోసెయ్యగలరా?" అని అడిగాను. "ప్రణవికి చెప్పారా?" అన్నారాయన. "రోగిని నేనా, ప్రణవా?" అన్నాను. ఆయన డైరీ తిరగేశారు. శుక్రవారం పొద్దున్న చేస్తామన్నారు.

సుధీర్‌కి ఒక్కడికే అసలు సంగతి చెప్పాను. ప్రణవితో మాత్రం అన్నవరంలో మొక్కుంది, రెండ్రోజులు ఉండొస్తామని చెప్పి గురువారం బయల్దేరాం. సుధీర్ బ్యాగు మోసుకుంటూ వచ్చాడు. ఆటోలో, "అమ్మా, భయంగా ఉందా?" అనడిగాడు. "నాకెందుకురా భయం? నీకుండాలి, రేపు మీ ఆవిడకి సమాధానం చెప్పాల్సింది నువ్వే" అన్నాను. వాడు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

స్పృహ వచ్చేసరికి పొట్టమీద కట్టు, చేతికి సెలైను. జోగారావు గారు వచ్చి అంతా సవ్యంగా జరిగిందని, తీసిన ముక్కలో కేన్సరు జాడ కనపడలేదని చెప్పి వెళ్ళారు. శనివారం మధ్యాహ్నానికి దిండు ఆనుకుని కూర్చోగలిగాను. అప్పుడు తలుపు ధడాలున తెరుచుకుంది. ప్రణవి. పక్క భవనంలోనే కదా ల్యాబ్, ఎవరో చెప్పేసి ఉంటారు. సుధీర్ కుర్చీలోంచి లేచి గోడకంటుకుపోయాడు.

"ప్రసాదమేది అత్తయ్యా?" అంది గుమ్మంలోంచే.

"కూర్చో ముందు."

"ఎవర్నడిగి చేయించుకున్నారు?"

"కడుపు నాది. నన్నే అడిగాను. సరేనన్నాను."

"వెటకారం చెయ్యకండి! కోత లేకుండా పోయేదానికి కోయించుకున్నారు! ఒక్క ఏడాది ఆగితే అయిపోయేది. నేనిస్తానన్నానుగా!"

"ఇస్తావనే కోయించుకున్నాను. ఆ పేగు నాలో ఉన్నన్నాళ్ళూ నువ్వు ఇస్తూనే ఉంటావు. ఇప్పుడు లేదు. ఎవరికిస్తావో ఇచ్చుకో."

ప్రణవి మంచం దాకా వచ్చి ఆగిపోయింది. కోపం ఎటు పోయిందో తెలీదు. పెళ్ళై వచ్చిన రోజునుంచీ నన్ను మీరు అనే పిల్ల, "నువ్వెంత మొండిదానివి అత్తయ్యా" అంది. అనేసి మంచం అంచుమీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. వంగితే కుట్లు లాగుతున్నాయి. అయినా వంగి దాని తలమీద చెయ్యేశాను. నా కళ్ళూ ఆగలేదు. నేను అక్కకి చెయ్యలేకపోయింది ఈ పిల్ల నాకు చేసింది, ఇంకా చేస్తానంటోంది. ఇంతకంటే నాకేం కావాలి?

చాలాసేపటికి తలెత్తి చున్నీతో మొహం తుడుచుకుంది. సుధీర్ మంచినీళ్ళిస్తే తాగింది. ఫోన్ తీసి ల్యాబ్‌కి చేసి, సోమవారం తనకి సూది వద్దని చెప్పింది. అవతలివాళ్ళు ఏదో అడిగారు. "వాయిదా కాదు. మానేస్తున్నాను" అంది. పెట్టేసి ఇంకో నంబరుకి చేసింది.

"డాక్టరమ్మ గారున్నారా అండీ? ప్రణవిని మాట్లాడుతున్నాను. ఏడాది క్రితం ఆపేశాం కదా, మళ్ళీ మొదలుపెడదామనుకుంటున్నాం. ఆఁ, ఇద్దరం వస్తాం." సుధీర్ వైపు చూసింది. వాడు గోడ దగ్గర్నుంచే గబగబా తలూపాడు. "సోమవారమే ఇవ్వండి. ఆ రోజు నాకు ఖాళీయే."